తారు మీద పడుగు

శేషన్నకు తెలియని సంగతంటూ ఆ సాలెల ఊళ్ళో ఏదీ ఉండేది కాదు. ఒకవేళ ఉన్నా, తెలియదని ఒప్పుకునే అలవాటు అతనికి లేదు. ఎవరి ఎద్దు కుంటినా, ఎవరి మిద్దె కారినా, మైదుకూరు దారిలో బస్సు ఆగిపోయినా తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చి కారణం చెప్పేవాడు. సగం సార్లు నిజమయ్యేది. నిజం కానివి జనం మరిచిపోయేవారు. చావింటికైనా పెళ్ళింటికైనా పిలవకముందే వచ్చి పని అందుకునే మనిషిని పట్టుకుని మాటలకు సంజాయిషీ ఎవరడుగుతారు?

పుట్టింది మగ్గం గుంత పక్కనే. తండ్రీ తాతా నేతగాళ్ళే. యుద్ధం వచ్చి నూలు దొరకడం మానేశాక, ఖాళీ మగ్గం ముందు కూర్చుని చూసి చూసి విసుగెత్తి, ఒకనాడు గుంత పూడ్చేశాడు. మగ్గం కర్రలు పొయ్యిలోకి పోయాయి. భార్య పెద్దక్క అన్నం మానేసి ఏడ్చింది. "కర్రలకేడుస్తాండావేమే? నూలొస్తే మగ్గం రాకపోతుందా?" అని ఆమెను కసిరి, దారి పనులు చేయించే దాసన్న మేస్త్రి దగ్గర కూలికి చేరాడు. కంకర మోశాడు, దిమ్మిసతో అణగ్గొట్టాడు, తారు కాచడం నేర్చుకున్నాడు. తాను నేర్చుకోవడం పూర్తికాకముందే పక్కవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టాడు.

ఆ ఊరికి బసవన్న సావుకారు పెద్ద. మంచిరోజుల్లో చీరలు కొని కడపలో అమ్మేవాడు. యుద్ధంలో నేత పడిపోయినా అతను పడిపోలేదు, వేరుశనగ వైపు మళ్ళాడు. యుద్ధం ముగిసిన ఏడాది మోటారు కారు కొన్నాడు. కారు కొన్నవాడికి గేటు కావాలి, గేటు పెట్టినవాడికి గేటు నుంచి ఇంటి మెట్ల దాకా బాట కావాలి. కాస్త ఉన్నవాళ్ళెవరైనా బేతంచెర్ల బండలు తెప్పించి పరుస్తారు. అందరూ పరిచేది తానూ పరిస్తే ఇక బసవన్న గొప్పేముంది? కడపలో ఒక దొర బంగళా ముందు నల్లటి తారు బాట చూసొచ్చాడు. అంతే, నిద్ర పట్టలేదు. సర్కారు దారికి తెచ్చిన తారు పీపాలు కొన్ని మిగిలి వేలానికి వస్తే పాడుకున్నాడు. పని దాసన్నకు అప్పగించాడు. ఊళ్ళోవాడు కదా అని దాసన్న ఆ పనికి శేషన్నను పెద్దగా పెట్టాడు.

ఆ బాట పడిన నేల సంగతి కొంచెం చెప్పాలి. పడుగు మగ్గమెక్కే ముందు దానికి గంజి పట్టించాలి. ఎన్నో చీరల పొడవున్న నిలువు దారాలన్నీ ఒక్కసారే సాగదీసి, రెండు కొసలా నేలలో గూటాలు కొట్టి, మోకులతో బిగించి, మధ్య మధ్య కత్తెర మాదిరి కట్టిన కర్రలు ఆసరాగా నిలిపి, తెల్లవారుజామున గంజి పూసి కుంచెతో దువ్వుతారు. గంజి తాగని నూలు మగ్గం మీద నిలవదు, పటపటా తెగిపోతుంది. ఆ పనికి పొడుగాటి తిన్నని నేల కావాలి. ఊరి వీధులన్నీ వంకర. తిన్నగా ఉన్నది సావుకారు ఇంటి ముందు నేల ఒక్కటే. పట్టా అతనిదే అయినా తరాలుగా ఊరి పడుగులన్నీ అక్కడే సాగాయి. వద్దన్నవాళ్ళు లేరు, ఇమ్మని అడిగినవాళ్ళూ లేరు.

యుద్ధకాలంలో పడుగులు లేక ఆ నేల మీద గడ్డి మొలిచింది. చుట్టూ గోడ లేచింది. ఒక్కరూ నోరు విప్పలేదు. పైగా ఆ గోడకు రాళ్ళు మోసిందీ, ఆ నేల తవ్వి కంకర పరిచిందీ సాలెలే. నూలే లేని ఊరికి పడుగుల బయలు ఎందుకు గుర్తొస్తుంది?

పుష్యమాసం చలిలో తారు పోశారు. పీపాల కింద మంట పెట్టి, తూట్ల బాల్చీలతో కంకర మీద పోస్తుంటే, కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకున్న శేషన్న ఆ పొగలో అటూ ఇటూ తిరుగుతూ అరిచిన అరుపులు పక్క ఊరికి వినిపించాయంటారు. మర్నాటికల్లా నేల గట్టిపడింది. ఊరంతా చూడ్డానికొచ్చింది. సావుకారు భార్య హనుమమ్మ మాత్రం పొద్దున్నే పేడనీళ్ళ చెంబుతో బయటికొచ్చి నిర్ఘాంతపోయింది. చల్లిన కల్లాపి ఇంకకుండా గేటు దాకా పారిపోయింది. "ఇదేం నేలప్పా, నీళ్ళే తాగదే!" అని ఆమె మొత్తుకుంటే, "మోటారుకు ముగ్గెందుకమ్మా, గట్టితనం కావాల గానీ. ఇది రాయి. మన మనవళ్ళు చచ్చినా ఇది చావదు," అన్నాడు శేషన్న. ఆ మర్నాటి నుంచి గేటు మూసే ఉండేది. కారు తప్ప దాని మీద ఊరి మనిషి కాలు పడలేదు.

శివరాత్రి దాటాక ఊళ్ళోకి నూలొచ్చింది.

నేతగాళ్ళ సొసైటీ వాళ్ళు దాన్ని పంచడానికి వంతులు వేశారు. మొదటి వంతు నాగక్కది. నాగక్క శేషన్న కంటే బాగా పెద్దది, వరసకు అక్క. గంజి పెట్టడంలో ఆమె చేయి పడితే పడుగు పట్టులా ఉంటుందని పేరు. కుంచె పట్టుకుని ఒక కొస నుంచి రెండో కొసకు ఆమె నడుస్తుంటే చూసేవాళ్ళు మాట్లాడడం మానేసేవారు. భర్త బొజ్జన్నకు నడక సరిగా రాదు. గుంతలో కాళ్ళు పెట్టి మగ్గం ముందు కూర్చుంటే మాత్రం ఆయనంతటివాడు లేడు. ఆయనకు ఇంకో పని తెలియదు, చేయలేడు కూడా. నూలు లేని ఏళ్ళు వాళ్ళు ఎలా బతికారో వాళ్ళకే తెలియాలి. సొసైటీ రూలు ఒకటే: ఇచ్చిన నూలుకు చీరలు నేసి తెచ్చి చూపించాలి, అప్పుడే మళ్ళీ నూలు. చూపించలేనివాడి పేరు కొట్టేస్తారు. అంటే ఆ ఒక్క పడుగు మగ్గమెక్కితే బొజ్జన్న నేతగాడుగా బతుకుతాడు. ఎక్కకపోతే ఇక ఆ ఇంట మగ్గం ఆడదు.

నూలు ఉడకబెట్టి, తోడి, పడుగు వేసి, తీరా గంజి పెట్టాల్సిన రోజు వచ్చేసరికి నాగక్క చేతులు నడుమున పెట్టుకుని వీధిలో నిలబడిపోయింది.

"యాడ సాగదీయాల?" అంది.

వంకలో ఇసక ఉంది, గూటం నిలవదు. చేను గట్టున ముళ్ళు, మేకలు. జనం తలా ఒక మాట చెప్పారు. శేషన్న నవ్వాడు.

"కళ్ళముందర అద్దం మాదిరి నేల పెట్టుకుని ఎతుకుతాండారేమప్పా? సావుకారు తారు మింద పరుచుకుందాం రాండి. దుమ్ము ల్యా, రాయి ల్యా."

"తారు మిందనా?" నాగక్క సందేహించింది. "కొత్త పని శేషప్పా. ఈ నూలు పోతే నాకింక ల్యా."

"అక్కా, ఆ తారు పోసింది నేను. నాకు తెలవదా? గూటం కొడితే ఏనుగును కట్టేయొచ్చు."

సావుకారు దగ్గరికి కూడా అతనే వెళ్ళాడు. నిజం చెప్పాలంటే బసవన్న తటపటాయించాడు. గూటాలు కొడితే బాటకు చిల్లులు పడతాయని అతని బెంగ. అంతకు మించి, గోడ కట్టిన నాటి నుంచీ మనసులో ఏదో ముల్లు ఉన్నట్టుంది. "నాగక్క పడుగే గదా, పరుచుకోమను," అని చివరికి తానే అన్నాడు. "పాతరోజులు మళ్ళీ చూసినట్లుంటాది." చిల్లులు తాను మూస్తానని శేషన్న మాట ఇచ్చాడు. అంతా మంచే జరుగుతోంది. ఒక్కరి మనసులోనైనా చెడు ఉండి ఉంటే, ఆ తర్వాత తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

చీకటి విచ్చుకుంటుండగా గేటు తెరిచారు. వీధిలోని ఆడా మగా అంతా వచ్చారు. ఎన్నో ఏళ్ళకు పడుగు. కొందరు స్నానాలు చేసి, పండక్కి వచ్చినట్టు వచ్చారు. తారు చల్లగా, నున్నగా ఉంది. నాగక్క మడమతో గట్టిగా తొక్కి చూసింది. శేషన్న గూటం నిలబెట్టి సమ్మెట వేస్తే ఠంగుమంది. "విన్నారా?" అని అందరి వైపూ చూశాడు. రెండు కొసలా గూటాలు కొట్టి, మోకులు బిగించాడు. పడుగు తీగలా సాగింది.

నాగక్క గంజిలో వేలు ముంచి చూసి, వేరుశనగ నూనె చుక్క వేసి, మళ్ళీ చూసి, మొదలుపెట్టింది. కుంచె కదిలింది. జనం మాటలు ఆగిపోయాయి. హనుమమ్మ మెట్ల మీద కూర్చుని చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియదు.

మామూలుగా పొద్దు బారెడెక్కేలోపు పని ముగియాలి. ఆ రోజు ముగియలేదు. సర్కారు కంట్రోలు మీద వచ్చిన నూలు నాసిరకం, అడుగడుక్కీ తెగింది. తెగినచోటల్లా అతకాలి. పైగా నాగక్క ఆశ తీరనిదానిలా దువ్విందే దువ్వింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆమె చేతిని చూస్తూ ఎవరు తొందరపెడతారు?

ఎండ గోడ దిగి బాట మీదికి వచ్చింది. ఫాల్గుణం ఎండ. మట్టి నేల అయితే ఇంకా చాలాసేపు చల్లగా ఉండేది. మొదట శేషన్న ముక్కుకు వాసన తగిలింది. "కొత్త తారు గదా, వాసనొస్తాది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. తర్వాత అరికాళ్ళు వెచ్చబడ్డాయి. ఎవరో కాలు ఎత్తితే చిట్‌మని చప్పుడైంది. శేషన్న తన కాలు ఎత్తి చూసుకున్నాడు. అరికాలి నిండా నలుపు. తారు కాచడం నేర్చిందీ, ఈ బాట పోసిందీ చలిలోనే. ఎండలో ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి అప్పుడు, ఆ క్షణాన, మొదటిసారి తట్టింది.

తల ఎత్తి గూటం వైపు చూశాడు. గూటం వంగుతోంది. విరగడం లేదు, ఊడడం లేదు, కునికిపాట్లు పడే ముసలివాడిలా మెల్లగా పడుగు వైపు వాలుతోంది.

"పట్టుకోండి!" అని అరిచి దూకాడు. రెండు చేతులతో గూటాన్ని వెనక్కి లాగాడు. మెత్తటి తారులో అతని కాళ్ళే ముందుకు జారాయి. అతనికి తెలియకుండానే అవతలి కొస గూటం మోకుతో సహా పెళ్ళగిలి వచ్చేసింది. నడుమ ఆసరా కర్రల కాళ్ళు తారులోకి దిగబడి ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. గంజి తడితో బరువెక్కిన పడుగు ఒక్కసారి ఊగి, కొస నుంచి కొస దాకా, ఆ నల్లటి నేల మీద పడింది.

చప్పుడు పెద్దగా కాలేదు. తడి గుడ్డ జారినట్టయింది, అంతే. అంత చిన్న చప్పుడుకు ఒక ఇల్లు పోతుందని ఎవరనుకుంటారు?

క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ ఒకేసారి కదిలారు, అది ఇంకా దారుణం. "లాగొద్దండి! ఎవురూ లాగొద్దండి!" నాగక్క గొంతు చించుకుంది. వినేదెవరు? తలా ఒక పక్క పట్టుకుని పైకెత్తారు. ఎత్తినచోట దారాలు తెగాయి, తెగనిచోట తారు దారాలతో పాటు సాగింది. తారు కాళ్ళతో పరిగెత్తినవాళ్ళు అంటుకోని భాగాన్ని కూడా తొక్కారు. సావుకారు బసవన్న మెట్ల మీది నుంచి చెప్పులు లేకుండా ఉరికొచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, తెల్లటి పంచె నల్లబడుతున్నా చూసుకోకుండా వేళ్ళతో దారాలు ఊడదీయబోయాడు. అతని నోటి నుంచి "అయ్యో, అయ్యో" తప్ప ఇంకో మాట రాలేదు. హనుమమ్మ ఇంట్లో ఉన్న కిరసనాయిలంతా తెచ్చి గుడ్డతో తుడిచింది. నలుపు పోలేదు. కరిగి, గోధుమరంగు మరకై, మిగిలిన తెల్లటి నూలులోకీ పాకింది.

"చాలమ్మా," అంది నాగక్క. "తుడవొద్దు. చాలు."

ఆ మాటతో అందరి చేతులూ ఆగాయి. శేషన్న గూటం పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఆమె తన వైపు వస్తుందని, చెంప పగలగొడుతుందని, నీ నోరు పడిపోను అంటుందని ఎదురుచూశాడు. అలా అంటే బాగుండుననుకున్నాడు. ఆమె రాలేదు. మోకులు చుట్టుకుంది. తెగిన నూలంతా గుట్టగా చేసి చంకలో పెట్టుకుంది. గంజి కుండ బోర్లించి గేటు దాటింది.

శేషన్న ఆమె వెనకాలే నడిచాడు. ఎందుకు నడిచాడో తెలియదు, కాళ్ళు నడిపించాయి. ఇంట్లో బొజ్జన్న అప్పటికే గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. మగ్గం కర్రలకు నూనె రాసి, పసుపు పెట్టి, దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పడుగొచ్చిందా?" అన్నాడు.

"లేదు," అంది నాగక్క.

"రేపా?"

"లేదు."

బొజ్జన్న ఆమె చంకలోని నల్లటి గుట్టను చూశాడు. వెనక నిలబడిన శేషన్న కాళ్ళను చూశాడు. నాడెను తీసి గూట్లో పెట్టి, గుంతలోంచి కాళ్ళు తీయకుండా అలాగే కూర్చున్నాడు. శేషన్న గడప బయటే ఆగిపోయాడు.

సావుకారు ఊరుకోలేదు. కడపకు వెళ్ళాడు, పెద్దవాళ్ళను కలిశాడు, వేరే నూలు కొనిస్తానన్నాడు. దుడ్లు ఉన్నాయి గానీ దుడ్లకు దొరికే నూలు లేదు. సొసైటీ వాళ్ళు అయ్యో పాపం అన్నారు, పేరు కొట్టేశారు. రూలు రూలే. శేషన్న వంతు నూలు ఇచ్చేద్దామంటే, మగ్గం పొయ్యిలో పెట్టుకున్నవాడికి వంతెక్కడిది? గుట్టుగా పెద్దక్కతో జొన్నలు పంపించాడు. నాగక్క తీసుకుంది. "శేషప్ప తిన్నాడా?" అని అడిగిందట. ఆ మాట భార్య చెప్పగా విని, అతను పెరట్లోకి పోయి గోడకు తల ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. కోపం ఉంటే తీర్చుకోవచ్చు. ఆమెకు కోపమే లేదు, ఇక అతను ఏం చేయాలి?

చైత్రం వెళ్ళాక మైదుకూరు దారికి సర్కారు తారు పని మొదలైంది. శేషన్న మాటలు తగ్గించాడని కూలీలందరికీ తెలుసు. ఎవరైనా తారు గురించి ఏదైనా అడిగితే దాసన్న మేస్త్రిని చూపించేవాడు. ఒక పొద్దున పీపాల కింద మంట ఎగదోస్తూ తల తిప్పితే, రోడ్డు పక్కన కొత్త ఆడకూలీలు గంపలు అందుకుంటున్నారు. చివరన నాగక్క నిలబడి ఉంది.

అతని చేతిలో కట్టె జారిపోయింది. ఆ చేతులు కంకర మోయడానికి వచ్చాయని అతని బుద్ధికి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. గంజిలో వేలు ముంచి చూసే ఆ చేతులు! ఊరి నుంచి ఇక్కడి దాకా ఎవరితో వచ్చింది, ఎప్పుడు బయలుదేరింది, బొజ్జన్నకు ఎవరు గంజి పోస్తారు, ఏమీ తోచలేదు. దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా, నువ్వేంది ఈడ? ఇంటికి పో. నీకు చేతకాదు ఇది."

"చేతనయ్యేది పోయినాక చేతకానిదే చేయాల గదప్పా," అంది నాగక్క. నిష్ఠూరంగా కాదు, మామూలుగా. "కాళ్ళకు ఏందన్నా చుట్టుకోకుంటే కాలిపోతాయంట గదా? చెప్పినారు."

రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఒళ్ళోని మూట విప్పింది. అందరిలా గోనెపట్టా తేలేదు. అందులో ఉన్నది నూలు. గంజితో బిరుసెక్కి, తారు మరకలతో అట్టకట్టి, పురి వేసిన నూలు. పడుగు.

శేషన్న వంగి ఆ నూలును ముట్టుకున్నాడు. "ఇదెందుకు తెచ్చినావక్కా? గోనె నేనిస్తా గదా."

"నూలు గదప్పా. పారేయడానికి చెయ్యి రాల్యా. పొయ్యిలో పెట్టడానికీ రాల్యా." కాలికి రెండు చుట్లు చుట్టింది. వంగలేక ఆయాసపడింది. "నడుము వంగడం ల్యా. నువ్వు కట్టు."

అతను నేల మీద కూర్చుని ఆమె పాదం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. అరికాలు మెత్తగా ఉంది, నీడపట్టున నడిచిన కాలు. నూలు చుట్టాడు. అతని వేళ్ళ మీద కన్నీళ్ళు పడుతుంటే ముడి సరిగా పడలేదు.

"గట్టిగా కట్టు శేషప్పా," అంది నాగక్క. "జారిపోతే కాలు బొబ్బలెక్కుతాది."

శేషన్న బిగించాడు. ఇంకా బిగించాడు. మేస్త్రి కేకేస్తున్నాడు, గంపలు కదులుతున్నాయి. "చాలప్పా, నొప్పి. ఇంక ఇడ్సు," అని ఆమె అంటూనే ఉంది. అతను ముడి వదల్లేకపోయాడు.